చితి సరే, అస్థికలు ఎక్కడ? దహనం కోరుకునే విశాఖ క్రైస్తవుల ముందున్న ప్రశ్న

"నేను పోయాక పాతిపెట్టొద్దర్రా, దహనం చేసేయండి" అని పెద్దావిడ అంటే చాలా హిందూ కుటుంబాల్లో ఎవరూ తలెత్తి కూడా చూడరు. అదే మాట జ్ఞానాపురంలోనో గాజువాకలోనో ఒక క్రైస్తవుల ఇంట్లో వినబడితే అన్నం కలుపుతున్న చేతులు ఆగిపోతాయి. "అదేంటమ్మా, మనం అలా చేయొచ్చా?" అంటాడు కొడుకు. "ఫాదర్ గారు ఒప్పుకుంటారంటారా అత్తయ్యా?" అంటుంది కోడలు. "నలుగురూ ఏమనుకుంటారు?" అంటుంది ఆడపడుచు.

వాదనలన్నీ మొదటి ప్రశ్న చుట్టూనే తిరుగుతాయి. నిజానికి దానికి జవాబు ఎప్పుడో దొరికింది. రెండోది ఒక ఫోన్ కాల్‌తో తేలేది. మూడోది ఎవరింట్లో వాళ్ళు సర్దుకునేది. అసలు చిక్కంతా ఎవరూ అడగని నాలుగో ప్రశ్నలో ఉంది. దహనం అయ్యాక అస్థికలు ఎక్కడ పెడతారు? నవంబరు 2న సమాధుల పండుగ నాడు పూలు, కొవ్వొత్తులు పట్టుకుని పిల్లలు ఎక్కడికి వెళతారు?

ముందు ఆ తేలిపోయిన సంగతి చూద్దాం. బైబిల్లో పితరులందరినీ సమాధి చేశారు, యేసునూ రాతి సమాధిలోనే ఉంచారు. క్రైస్తవుల్లో ఖననం ఆనవాయితీ కావడానికి అదే మూలం. దహనం చేయకూడదన్న ఆజ్ఞ మాత్రం ఎక్కడా లేదు. వ్యతిరేకించేవాళ్ళు, దోపుడు సొమ్ము దాచుకున్నందుకు రాళ్ళతో కొట్టి కాల్చేసిన ఆకాను ఉదంతం చూపిస్తారు. కానీ అక్కడ కాల్చడం నేరానికి పడ్డ శిక్షలో భాగం, అంత్యక్రియల పద్ధతి గురించిన మాట కాదది. మరోవైపు మొదటి సమూయేలు గ్రంథం 31వ అధ్యాయంలో యాబేష్గిలాదు ఊరివాళ్ళు ఇశ్రాయేలు రాజైన సౌలు శరీరాన్నీ అతని కొడుకుల శరీరాలనీ దహనం చేసి, ఎముకలను చెట్టు కింద పాతిపెట్టారు. అక్కడ అది గౌరవంగానే జరిగింది. మంట, ఆ తర్వాత మట్టి. ఈ వరస గుర్తుంచుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాం.

మరి అంత వ్యతిరేకత ఎక్కణ్ణించి వచ్చింది? సిద్ధాంతం కంటే చరిత్రలోంచి ఎక్కువగా వచ్చింది. క్రీ.శ. 177లో ఇప్పటి ఫ్రాన్సులోని లియోన్‌లో క్రైస్తవులను చంపినవాళ్ళు, ఆ శవాలను కాల్చి బూడిదను రోన్ నదిలో కలిపారు. పునరుత్థానాన్ని నమ్మే వీళ్ళు తిరిగి ఎలా లేస్తారో చూద్దామన్నది వాళ్ళ ఎగతాళి. 785 ప్రాంతంలో షార్లమేన్ చక్రవర్తి తాను జయించిన శాక్సన్ల మీద ఒక చట్టం పెట్టాడు, పాత అన్యమత ఆచారం ప్రకారం శవదహనం చేస్తే మరణశిక్ష అని. అలా నిప్పు పక్కవాళ్ళ మతానికి గుర్తుగా మిగిలిపోయింది. 19వ శతాబ్దంలో యూరప్ నగరాల శ్మశానాలు నిండిపోయి, ఆరోగ్యం పేరుతో దహనం మళ్ళీ చర్చకొచ్చింది. ఇంగ్లండులో సర్ హెన్రీ థామ్సన్ అనే సర్జన్ 1874లో దీనికోసం ఒక సంఘమే పెట్టాడు. ఇటలీలో మాత్రం చర్చి అంటే పడనివాళ్ళు, ఫ్రీమేసన్లు అనే రహస్య సంఘం వాళ్ళు దహనాన్ని ఒక సవాలులా చేపట్టారు. రోములోని క్యాథలిక్ సభకు ఒళ్ళు మండింది. 1886లో దహనాన్ని నిషేధించింది. విశాఖపట్నం డయోసిస్‌గా, అంటే ఒక బిషప్ కింది ప్రాంతంగా, ఏర్పడింది కూడా ఆ సంవత్సరమే. అంటే మన విచారణల్లో (చర్చి పారిష్‌లలో) తరతరాలుగా వస్తున్న "దహనం మనది కాదు" అన్న మాట, పుట్టుకతోనే అంటిన మాటన్నమాట.

ఆ నిషేధాన్ని 1963లో ఎత్తేశారు. 1983 నాటి కానన్ చట్టం (క్యాథలిక్ సభ చట్టం) 1176వ నిబంధన ఇంకా స్పష్టంగా చెప్పింది. ఖననం అనే పుణ్య ఆచారాన్ని కాపాడుకోవడం మంచిదని సభ గట్టిగా కోరుతుంది, దహనాన్ని మాత్రం నిషేధించదు. క్రైస్తవ బోధను ధిక్కరించాలనే ఉద్దేశంతో చేస్తే తప్ప. 60 ఏళ్ళు దాటిన నిర్ణయమిది. అయినా "ఫాదర్ గారు ఒప్పుకుంటారా" అని ఇప్పటికీ గుసగుసలాడుకుంటున్నామంటే, ఈ సంగతి పీఠం మీంచి బెంచీల దాకా సరిగ్గా దిగలేదనే నా అభిప్రాయం.

ప్రొటెస్టెంట్లలో అందరికీ ఒకే మాట చెప్పే పెద్ద దిక్కు లేదు. ఆంగ్లికన్ ఆర్చిబిషప్ విలియం టెంపుల్ 1944లో చనిపోయినప్పుడు ఆయన్ని దహనం చేసి, అస్థికలను కాంటర్‌బరీలో ఉంచారు. కాంటర్‌బరీ ఆర్చిబిషప్పుల్లో దహనమైన మొదటివాడు ఆయనే. అక్కడితో ఇంగ్లండులో ఆ గొడవ చాలావరకు సద్దుమణిగింది. మన దగ్గర సీఎస్‌ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా), బాప్టిస్టు, లూథరన్ సంఘాల్లో దీన్ని కుటుంబం ఇష్టానికే వదిలేసేవాళ్ళు ఎక్కువ. పెంతెకొస్తు, స్వతంత్ర సంఘాల్లో ఒక్కో పాస్టరుగారిది ఒక్కో మాట. ఆర్థొడాక్స్ సంప్రదాయం దహనాన్ని ఒప్పుకోదు. ముస్లింలకు ఖననం విధి, ఈ చర్చ వాళ్ళది కాదు.

ఇంకో సంగతి. ఖననం చర్చితోనే మన ఊళ్ళకు వచ్చిందనుకుంటాం. కానీ జంగాలు, లింగాయతులు కూడా పాతిపెడతారు. సన్యాసులను సమాధి చేస్తారు. పసిపిల్లలు పోతే చాలా హిందూ కులాల్లో మట్టికే ఇస్తారు. తెలుగు నేలమీద క్రైస్తవంలోకి వచ్చిన కుటుంబాల్లో అంతకు ముందు నుంచే పాతిపెట్టే ఆచారం ఉన్నవి ఎన్నో. కాబట్టి "దహనం చేస్తే హిందువులమైపోతామా" అన్న భయానికి పునాది గట్టిది కాదు. కాకపోతే మన తీరంలో క్రైస్తవం కంటికి కనబడింది సమాధుల రూపంలోనే. భీమిలిలో డచ్చివాళ్ళ సమాధులు చూడండి, వాళ్ళ వ్యాపారం పోయింది, మనుషులు పోయారు, ఆ రాళ్ళు మాత్రం ఉన్నాయి. సమాధి ఉంటే మనమూ ఇక్కడ ఉన్నట్టే అన్న భావన బలమైంది. అల్పసంఖ్యాకులకు ఇంకా బలమైంది. దాన్ని తీసిపారేయలేం.

ఇక నేల సంగతి. విశాఖకు ఒకవైపు సముద్రం, మిగతా వైపుల కొండలు. మధ్యలో ఉన్న చదును నేలను పోర్టు, రైల్వే, నేవీ, స్టీల్‌ప్లాంటు, కాలనీలు పంచుకున్నాయి. ఒకప్పుడు ఊరి బయట ఉన్న సమాధుల తోటలు ఇప్పుడు నడిబొడ్డున ఉన్నాయి, పెరగడానికి గోడ అవతల జాగా లేదు. పాత సంఘాల వాళ్ళు కుటుంబ సమాధులతో నెట్టుకొస్తున్నారు. తాతగారి గుంటనే కొన్నేళ్ళ తర్వాత తెరిచి, మిగిలిన ఎముకలను ఓ పక్కకు సర్ది, నానమ్మను అందులోనే దించడం. ఇందులో తప్పు పట్టాల్సిందేం లేదు, ప్రపంచమంతా చేస్తున్నదే. అయితే అందరికీ తాతగారి గుంట ఉండదుగా! మధురవాడలో అపార్ట్‌మెంటు సెల్లార్‌లో ఆరాధన జరుపుకునే సంఘానికి సమాధుల తోట ఎక్కణ్ణించి వస్తుంది? శ్రీకాకుళం నుంచో ఒడిశా నుంచో ఉద్యోగానికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డ కుటుంబానికి ఏ తోటలో చోటిస్తారు? సభ్యత్వం ఉందా, చందా బాకీ లేదా, బాప్తిస్మం ఏ సంఘంలో అన్న ప్రశ్నలు శవం ఇంట్లో ఉండగా ఎదురైతే ఎంత నరకమో పడినవాళ్ళకే తెలుసు.

పల్లెల్లో ఇది ఇంకో రూపం తీసుకుంటుంది. ఛత్తీస్‌గఢ్‌లో ఒక క్రైస్తవుడు తండ్రిని సొంత ఊళ్ళో పాతిపెట్టుకోనివ్వమని సుప్రీంకోర్టు దాకా వెళ్ళాల్సి వచ్చింది. 2025 జనవరిలో ఇద్దరు న్యాయమూర్తులు చెరో తీర్పు చెప్పారు. చివరికి, అప్పటికే రోజుల తరబడి మార్చురీలో ఉన్న శవాన్ని 20 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న క్రైస్తవ శ్మశానంలో ఖననం చేయమని ఆదేశించారు. ఇలాంటివి చూసి "ఈ గొడవలన్నీ ఎందుకు, దహనం చేసేస్తే పోతుంది" అనేవాళ్ళున్నారు. చోటు ఇవ్వనందుకు దహనం చేసుకోవడం, ఇష్టపడి దహనం కోరుకోవడం రెండూ ఒకటి కావు. మొదటిదాన్ని ఎంపిక అనడం నాకు మనస్కరించదు. ఇక్కడ రాస్తున్నది రెండోదాని గురించే.

మన దగ్గర చాలామందికి దారి తెరిచింది కోవిడ్. 2020 జులైలో కేరళలోని అలప్పుళ లాటిన్ క్యాథలిక్ డయోసిస్, కోవిడ్‌తో పోయినవాళ్ళను ఇంటి దగ్గరో శ్మశానంలోనో దహనం చేసి అస్థికలను చర్చి సమాధుల తోటలో ఖననం చేయొచ్చని చెప్పింది. అక్కడి నేల లోతట్టు, కాస్త తవ్వితే నీరు. ఆరోగ్య నిబంధనల ప్రకారం లోతుగా గొయ్యి తీయడం కుదరలేదు. చూడండి, సౌలు విషయంలో యాబేష్గిలాదు వాళ్ళు చేసిన వరసే ఇది. మన నగరంలో కూడా శ్మశానాల దగ్గర అంబులెన్సులు బారులు తీరిన ఆ రోజుల్లో, వేరే దారి లేక దహనానికి ఒప్పుకున్న క్రైస్తవ కుటుంబాలు ఉన్నాయి. ఆ తర్వాత వాళ్ళకు దాని మీద భయం పోయింది.

అసలు దహనంలో ఏం జరుగుతుందో కూడా తెలుసుకోవాలి, ఎందుకంటే బూడిద అంటే సిగరెట్ నుసిలాంటిదే అనుకునేవాళ్ళు ఎక్కువ. కట్టెల చితికి నాలుగైదు వందల కిలోల కట్టె పడుతుంది. వానాకాలంలో తడి కట్టె దొరికితే ఇంకా ఎక్కువ, పైగా గంటలకొద్దీ సమయం. గ్యాస్ లేదా కరెంటు యంత్రంలో 800 నుంచి 1000 డిగ్రీల వేడిలో గంటన్నర, రెండు గంటల్లో అయిపోతుంది. శరీరంలో సగానికి పైగా నీరే, అది ఆవిరైపోతుంది. కండ, కొవ్వు కాలిపోతాయి. మిగిలేది ఎముకల్లోని కాల్షియం ఫాస్ఫేట్, పెద్దవాళ్ళదైతే సుమారు రెండు మూడు కిలోలు. విదేశాల్లో దాన్ని మరలో వేసి పొడి చేసి ఇస్తారు. మన దగ్గర మామూలుగా ఎముక ముక్కలుగానే కుండలో చేతికొస్తాయి. మొదటిసారి చూసే క్రైస్తవ కుటుంబం దీనికి సిద్ధంగా ఉండదు.

గుండెకు పేస్‌మేకర్ ఉంటే ముందే చెప్పాలి. వేడికి అందులోని బ్యాటరీ పేలుతుంది, యంత్రం గోడ దెబ్బతింటుంది, పక్కనున్న మనిషికీ ప్రమాదమే. ఆస్పత్రిలోనే తీయించుకుంటే సరిపోతుంది. అలాగే వార్నిష్ వేసి, ఇత్తడి పిడులు బిగించిన టేకు శవపెట్టె చితి మీదికి పనికిరాదు. చాలా యంత్రాల్లోకీ ఎక్కదు.

పెట్టె మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. ఒక రిటైర్డ్ టీచరమ్మ గారి దహనానికి వెళ్ళాను. చర్చిలో ఆరాధన అంతా మామూలుగా జరిగింది, పాటలు, వాక్యం, పెట్టె చుట్టూ పూలు. శ్మశానవాటికకు వచ్చాక ఆవిణ్ణి పెట్టెలోంచి తీసి కట్టెల మీద పడుకోబెట్టాల్సి వచ్చింది. చర్చిలో మూత వేసిన క్షణంలోనే ఆఖరి చూపు అయిపోయిందని మనసుకు సర్దిచెప్పుకున్న పిల్లలకు ముఖం మళ్ళీ కనబడింది. కూతురు తట్టుకోలేకపోయింది. ఇంతలో అక్కడి మనిషి అలవాటుగా "కొరివి ఎవరు పెడతారండీ?" అన్నాడు. ఎవరూ కదల్లేదు. కొడుకు పాస్టరుగారి వైపు చూశాడు. ఆయన "ఎవరైనా పెట్టొచ్చు బాబూ, దీనికి మనకు నియమం లేదు" అన్నారు. ఆ కూతురే కళ్ళు తుడుచుకుని ముందుకొచ్చింది. మూడోరోజు అస్థికలకు వెళ్ళినప్పుడు "పాలు తెచ్చారా?" అని అడిగారు. తెచ్చుకోలేదు, నీళ్ళతోనే చల్లార్చారు. ఎవరూ తప్పు చేయలేదు. ఈ ప్రశ్నలు వస్తాయని ముందు రోజు ఎవరైనా చెప్పి ఉంటే ఆ అమ్మాయికి అంత టెన్షన్ ఉండేది కాదు.

క్యాథలిక్కులైతే వరస ఇదీ: శరీరం ఉండగానే చర్చిలో పూజ, ఆ తర్వాత దహనం, ఆ తర్వాత అస్థికల భూస్థాపన. సభ మెచ్చే పద్ధతి ఇదే. ఆఖరి మెట్టు దగ్గరే విశాఖలో పేచీ వస్తుంది. బీచ్ పక్కనే ఉంది. భీమిలిలో గోస్తని సముద్రంలో కలిసే చోట అస్థికలు కలపడం మన చుట్టూ ఉన్నవాళ్ళకు మామూలు. "మనమూ అలాగే సముద్రంలో కలిపేద్దాం, అమ్మకు సముద్రం ఇష్టం కదా" అని పిల్లలు అనుకుంటారు. క్యాథలిక్ సభ 2016లో ఇచ్చిన ఆదేశం దీన్ని ఒప్పుకోదు. గాల్లో, నేలమీద, నీళ్ళలో చల్లకూడదు, పంచుకోకూడదు, మామూలుగా ఇంట్లో పెట్టుకోకూడదు. సమాధుల తోటలోనో, చర్చి కేటాయించిన చోటో ఉంచాలి. 2023 డిసెంబరులో కొంచెం సడలించారు. పోయినవారికి ముఖ్యమైన ఒక చోట కొద్దిపాటి భాగం ఉంచుకునే విషయాన్ని సభ అధికారులు పరిశీలించవచ్చన్నారు. చాలామంది అస్థికలను కలిపి ఉంచే ఉమ్మడి స్థలాలకూ, ఒక్కొక్కరి పేరు అక్కడ రాసి ఉంచితే, అభ్యంతరం లేదన్నారు. ప్రొటెస్టెంట్లకు ఇలాంటి రాతపూర్వక నియమం సాధారణంగా లేదు. అందుకే వాళ్ళ ఇళ్ళలో అన్నదమ్ముల మధ్య తగువులు ఎక్కువ: ఒకడు సముద్రం అంటాడు, ఒకడు సొంతూరు అంటాడు, కుండ అటక మీద ఉండిపోతుంది.

సభ ఇంత పట్టుబట్టడం మూర్ఖత్వమని నాకు అనిపించదు. పేరు రాసిన ఒక చోటు లేకపోతే రెండు తరాల్లో ఆ మనిషి మాయమైపోతాడు. దహనంతో చోటు అవసరం తీరిపోదు, ఆరడుగులు కాస్తా అడుగున్నరకు తగ్గుతుంది, అంతే. ఆ అడుగున్నర దొరకడం మాత్రం చాలా తేలిక. పాత కుటుంబ సమాధి పక్కన చిన్న గుంట తీసి కుండ దించొచ్చు. చర్చి ఆవరణలో గోడకు గూళ్ళు కట్టి, ఒక్కో గూటికి పేరు పలక పెట్టొచ్చు. గోవా, ముంబై లాంటి చోట ఎముకల కోసం గూళ్ళు ఇప్పటికే అలవాటైన విషయం. చోటు లేదని తల పట్టుకునే సంఘాలు ఈ గోడ గురించి ఎందుకు ఆలోచించవో నాకు అర్థం కాదు.

పిల్లలు అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉన్న ఇళ్ళకు ఇంకో సౌలభ్యం ఉంది. కొడుకు వచ్చేదాకా ఫ్రీజర్ బాక్సులో, మార్చురీలో రోజులు లెక్కపెట్టక్కర్లేదు. దహనం చేసి, అస్థికల భూస్థాపన అందరూ కలిసే రోజున, నలభయ్యో రోజునో సంవత్సరీకానికో పెట్టుకోవచ్చు. అక్కడ పోయినవాళ్ళను ఇక్కడికి తేవడం కూడా శరీరం కంటే అస్థికలుగా తేలిక. మరణ ధ్రువపత్రం, దహన ధ్రువపత్రం, భారత కాన్సులేట్ నిరభ్యంతర పత్రం దగ్గర ఉంచుకోవాలి. పాత్ర లోహంది కాకుండా చూసుకోవాలి, విమానాశ్రయంలో ఎక్స్‌రేకు లోపల ఏముందో కనబడకపోతే ఆపేస్తారు.

దహనానికి ఉన్న అసలు లోపం ఒక్కటే, వెనక్కి తీసుకోలేం. చావు మీద ఏ కాస్త అనుమానం ఉన్నా, యాక్సిడెంట్ అయినా, పురుగుల మందు తాగిన కేసైనా, పోస్టుమార్టం పూర్తయి పోలీసులు సరేననే దాకా చితి మాట ఎత్తకూడదు. ఖననం చేస్తే అవసరమైనప్పుడు మెజిస్ట్రేటు ఆదేశంతో తవ్వి మళ్ళీ పరీక్షించే వీలుంటుంది, దహనం తర్వాత ఆ వీలు లేదు. మామూలు మరణమైతే కాగితాల పని రెండింటికీ ఇంచుమించు ఒకటే. చనిపోయినట్టు డాక్టరు సర్టిఫికెట్, ఆధార్, శ్మశానవాటికలో ఇచ్చే రసీదు, 21 రోజుల్లోగా జీవీఎంసీలో (విశాఖ నగరపాలక సంస్థలో) నమోదు. ఆ రసీదు పారేసుకోకండి, తర్వాత బ్యాంకు పనులకూ పింఛను పనులకూ కావాల్సిన మరణ ధ్రువపత్రం దాంతోనే మొదలవుతుంది.

శరీరదానం గురించి అడిగేవాళ్ళూ ఉన్నారు. ఆంధ్రా మెడికల్ కాలేజీ లాంటి చోట బతికుండగానే అంగీకార పత్రం ఇచ్చుకోవచ్చు. పోస్టుమార్టం అయిన శరీరాన్నీ, కొన్ని అంటువ్యాధులతో పోయినవాళ్ళనీ సాధారణంగా తీసుకోరు. కాబట్టి అప్పుడేం చేయాలో కూడా ఇంట్లో అనుకుని ఉండాలి. దక్షిణాఫ్రికా ఆర్చిబిషప్ డెస్మండ్ టూటూ 2021 డిసెంబరులో పోయినప్పుడు ఆయన కోరిక మేరకు నిప్పు లేకుండా క్షార ద్రవంలో కరిగించే పద్ధతి వాడారు. మన ఊళ్ళో అది దొరికేది కాదు గానీ, ఆయన అస్థికలను కూడా చివరికి కేప్‌టౌన్ చర్చిలో నేల కిందే ఉంచారన్నది గమనించాలి.

దహనం కావాలనుకున్నవాళ్ళు వీలునామాలో రాస్తే చాలనుకుంటారు. వీలునామా తెరిచేది అన్నీ అయ్యాక! పైగా అంత్యక్రియల గురించిన కోరికను ఆస్తి పంపకంలా కోర్టులో అమలు చేయించడం తేలిక కాదు. ఒక తెల్లకాగితం మీద రాసి సంతకం పెట్టి, ఒకటి పిల్లలకు, ఒకటి పాస్టరుగారికో ఫాదర్ గారికో ఇవ్వడం మేలు. అందులో "దహనం" అన్న ఒక్క మాటతో ఆపకుండా అస్థికలు ఎక్కడో కూడా రాయాలి. ఇంట్లో ఒకరు హిందువు, ఒకరు క్రైస్తవులైతే ఈ కాగితం మరీ అవసరం, ఎందుకంటే శవం ముందు నిలబడి రెండు వైపుల బంధువులు తలో మాట అంటుంటే పోయినవారి చేతిరాతను మించిన పెద్దరికం ఇంకెవరికీ ఉండదు.

భర్తను ఇరవయ్యేళ్ళ కింద ఖననం చేసి, తను దహనం కోరుకుంటున్న పెద్దావిడ ఉంటే పని ఇంకా తేలిక. ఆ సమాధి తెరవక్కర్లేదు, తల వైపు పలక పక్కన రెండడుగులు తవ్వితే చాలు. అయితే ఆ సమాధి ఎవరి పేరు మీద ఉంది, దాని మీద రెండో పేరు చెక్కడానికి సంఘం ఒప్పుకుంటుందా, ఎవరి సంతకం కావాలి అన్న మూడు సంగతులు ఆవిడ బతికుండగానే చర్చి ఆఫీసుకు వెళ్ళి అడిగి, జవాబు కాగితం మీద తీసుకోవాలి.